లెడ్జరు మనది, తాళంచెవి ఎవరిది? – డేటాబేస్ సాఫ్ట్‌వేరు లైసెన్సుల చరిత్ర

ప్రతి నెలా మొదటి వారంలో మన ఖాతాలో పెన్షను జమ అవుతున్నది. మన పి.పి.ఓ. నెంబరు, పుట్టిన తేదీ, బేసిక్ పెన్షను, కరువు భృతి, కమ్యుటేషన్ తీసుకున్న తేదీ, మన తదనంతరం ఫ్యామిలీ పెన్షను ఎవరికి చెందాలో ఆ పేరు – ఇవన్నీ ఒకప్పుడు ట్రెజరీలో రెండు చేతులా ఎత్తవలసినంత బరువైన రిజిస్టర్లలో ఉండేవి. ఇప్పుడవి కంప్యూటరులో వరుసలుగా, గడులుగా ఉన్నాయి. ఆ గడులను భద్రంగా ఉంచి, అడిగిన వెంటనే తీసి ఇచ్చే సాఫ్ట్‌వేరుకు డేటాబేస్ అని పేరు.

రిజిస్టరును ఇండెంటు పెట్టి తెచ్చుకున్న తరువాత అది ఆఫీసు ఆస్తి. స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ వేస్తే ఆ వ్యవహారం అక్కడితో ముగిసేది. డేటాబేస్ సాఫ్ట్‌వేరు సంగతి అలా ఉండదు. పెద్ద కంపెనీల డేటాబేస్‌ను ఎవరూ కొనరు, వాడుకునేందుకు అనుమతి మాత్రమే తీసుకుంటారు. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. అందులోని రకరకాల తరగతులే ఎడిషన్లు.

ఈ విషయం మన ప్రత్యేక సంచికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చును. మన సంఘ సభ్యుల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందు ఉన్నది. ఒక సభ్యుడు కాలం చేస్తే ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను కాగితాలు సిద్ధం చేసేది ఆ రిజిస్టరు చూసే కదా. దానిని ఏ సాఫ్ట్‌వేరులో పెడతాము, రేపు ఆ సాఫ్ట్‌వేరువారు తలుపు మూస్తే మన రికార్డు మన చేతికి వస్తుందా అన్నది ముందే ఆలోచించుకోవలసిన విషయం. అందుకు గత అరవై ఏళ్ల చరిత్ర బాగా పనికివస్తుంది.

యంత్రంతో పాటు వచ్చిన రోజులు

1960లలో కంప్యూటరు అంటే ఐ.బి.ఎం. కంపెనీయే అన్నట్లుండేది. ఆ యంత్రాలను చాలామంది అద్దెకు తీసుకునేవారు. యంత్రంతో పాటు ప్రోగ్రాములు, వాటిని నేర్పే ఇంజనీర్లు కూడా ఆ అద్దెలోనే వచ్చేవారు. సాఫ్ట్‌వేరుకు విడిగా ధర లేదు, కనుక లైసెన్సు తగాదా కూడా లేదు.

1969 జనవరిలో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ ఐ.బి.ఎం. మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది. అదే సంవత్సరం జూన్ 23న, సాఫ్ట్‌వేరుకు, సేవలకు ఇకమీదట విడివిడిగా ధర కడతామని ఐ.బి.ఎం. ప్రకటించింది. అందుకు ప్రతిగా యంత్రాల ధర తగ్గించినది మూడు శాతం మాత్రమే. భోజనంలో పెరుగు, అప్పడం ఇకమీదట విడిగా బిల్లు వేసి, భోజనం ధర అణా తగ్గించినట్లుగా ఉన్నదని వాడకందార్లు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. అయితే ఈ నిర్ణయంతోనే సాఫ్ట్‌వేరు అనే ప్రత్యేక వ్యాపారానికి దారి ఏర్పడింది. ధర కట్టాక, దేనిని లెక్కించి ధర కట్టాలన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

మన దేశంలో కూడా ఐ.బి.ఎం. యంత్రాలు ఉండేవి. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి వచ్చింది. అందుకు ఒప్పుకోని ఐ.బి.ఎం. 1978లో మన దేశం వదిలి వెళ్లిపోయింది. కోకాకోలా వెళ్లిన సంగతి అందరికీ గుర్తున్నది, ఇది అంతగా గుర్తుండదు. ఆ యంత్రాలను మరమ్మత్తు చేసి నడిపించే బాధ్యతను ప్రభుత్వ రంగ సంస్థ అయిన సి.ఎం.సి. తీసుకున్నది. అమ్మినవారు వెళ్లిపోయినా ఆఫీసు పని ఆగకూడదన్న పాఠం మనవారికి అప్పుడే అనుభవమైంది.

ఆలోచన ఒకరిది, అమ్మకం మరొకరిది

1970లో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పని చేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారాన్ని పట్టికలుగా ఉంచాలని, ఒక పట్టికలోని నెంబరుతో ఇంకొక పట్టికలోని వివరం కలుపుకోవాలని ఆయన సూచించాడు. మన భాషలో చెప్పాలంటే పే బిల్ రిజిస్టరు, సర్వీసు రిజిస్టరు, జి.పి.ఎఫ్. లెడ్జరు వేరువేరుగా ఉన్నా, ఉద్యోగి నెంబరు ఒకటే కనుక మూడింటినీ సరిపోల్చుకోగలగడం వంటిది. ఏ గుమాస్తాకైనా ఇది తెలిసిన పనే. దానిని గణితంగా రాసి, యంత్రానికి అప్పగించడం కాడ్ గొప్పతనం.

ఆ ఆలోచనను పరీక్షించడానికి ఐ.బి.ఎం. 1970లలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం చేసింది. నేటికీ డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్.క్యు.ఎల్. అందులో నుండి వచ్చినదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బర్కిలీ శాఖలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనే ఆచార్యులు ఇంగ్రెస్ అనే మరో డేటాబేస్ తయారు చేసి, ప్రోగ్రాము మూలంతో సహా నామమాత్రపు రుసుముకు ఇతరులకు ఇచ్చారు.

కాడ్ వ్యాసం ఎవరైనా చదువుకోవచ్చును. 1977లో లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ అనే ముగ్గురు ఒక చిన్న కంపెనీ పెట్టి, 1979లో ఒరాకిల్ అనే డేటాబేస్‌ను అమ్మకానికి తెచ్చారు. దానికి రెండవ వెర్షను అని పేరు పెట్టారు. మొదటి వెర్షను అమ్మకానికి రానే లేదు. ఐ.బి.ఎం. తన సొంత సరుకును 1981లో, డి.బి.2 అనే దానిని 1983లో బయటపెట్టేసరికి ఒరాకిల్ బజారులో నిలదొక్కుకున్నది. ఆలోచన పుట్టిన ఇల్లు ఒకటి, దానితో కోట్లు గడించిన ఇల్లు మరొకటి.

లైసెన్సు అంటే ఏమిటి?

మనం ఒక పుస్తకం కొంటే చదివి స్నేహితునికి ఇవ్వవచ్చును, పాత పుస్తకాల షాపులో అమ్ముకోవచ్చును. సాఫ్ట్‌వేరు లైసెన్సు గవర్నమెంటు క్వార్టరు వంటిది. అలాట్‌మెంటు ఆర్డరు ఎవరి పేర ఉన్నదో వారే ఉండాలి. సబ్‌లెట్ చేయకూడదు. గోడలు పగలగొట్టి గదులు మార్చకూడదు. అద్దె కట్టినా ఇల్లు మనది కాదు. తనిఖీకి వస్తే తలుపు తీయాలి.

మన చట్టం ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాముకు సాహిత్య రచనతో సమానమైన రక్షణ ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1984లో చేసిన సవరణ ద్వారా ప్రోగ్రాములు అందులో చేరాయి. 1994లో చేసి 1995 మే 10 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం దొంగ కాపీని తెలిసి వాడితే ఏడు రోజుల నుండి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. చట్టబద్ధంగా పొందినవారు భద్రత కోసం నకలు తీసుకుని ఉంచుకోవడం మాత్రం తప్పు కాదని కూడా ఆ చట్టమే చెబుతున్నది. మనుమలు పెన్‌డ్రైవులో ఏదో తెచ్చి ఎక్కిస్తామంటే ఈ సెక్షన్లు జ్ఞాపకం చేయడం మంచిది.

తలలు లెక్కించాలా, యంత్రాలు లెక్కించాలా?

లైసెన్సుకు ఎంత కట్టాలన్నదానికి కంపెనీలు కాలానుగుణంగా రకరకాల కొలతలు పెట్టాయి. తొలి రోజుల్లో యంత్రానికి ఇంత అని ఉండేది. తరువాత మనుషులను లెక్కించారు. అందులో రెండు పద్ధతులు. ఒకే సమయంలో ఎంతమంది వాడుతున్నారో చూడడం ఒకటి. ఇది బస్సులో సీట్ల వంటిది, ఒకరు దిగితే మరొకరు ఎక్కవచ్చును. పేరు పేరునా లెక్కించడం రెండవది. ఇది సీజన్ టికెట్టు వంటిది, నెలకు ఒక్కసారి ప్రయాణం చేసినా పూర్తి డబ్బు కట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కౌంటరులో పదిమంది గుమాస్తాలే కూర్చుని, వారి వెనుక వెయ్యిమంది పేరున పని జరుగుతూ ఉంటే ఎవరిని లెక్కించాలి? మధ్యలో మరో ప్రోగ్రామును పెట్టి అందరినీ దాని ద్వారా పంపినంత మాత్రాన తల లెక్క తగ్గదని ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ రెండూ తమ నియమాలలో రాసుకున్నాయి. ఇంటర్నెట్ వచ్చి ప్రజలే నేరుగా వాడడం మొదలుపెట్టాక తలలు లెక్కించడం ఎవరి తరమూ కాలేదు. అందువల్ల యంత్రంలోని ప్రాసెసర్లను, అనగా కంప్యూటరు మెదళ్లను లెక్కించే పద్ధతి బలపడింది.

అందులోనూ ప్రయోగాలు జరిగాయి. 2000 ప్రాంతంలో ఒరాకిల్ ప్రాసెసరు వేగాన్ని బట్టి ధర వేసే పద్ధతి పెట్టింది. వేగం ఎక్కువైన కొద్దీ ధర పెరిగేది. అదే పని చేయడానికి కొత్త యంత్రం కొనుక్కున్న పాపానికి సాఫ్ట్‌వేరుకు కూడా ఎక్కువ కట్టవలసి రావడంతో వాడకందార్లు గగ్గోలు పెట్టారు. 2001 జూన్‌లో ఆ పద్ధతిని మానుకుని ప్రాసెసరుకు ఇంత అని మార్చారు. ఆ తరువాత ఒకే ప్రాసెసరులో రెండు, నాలుగు, ఎనిమిది మెదళ్లు పెట్టడం మొదలైంది. వీటిని కోర్లు అంటారు. అప్పుడు కోర్లను లెక్కించసాగారు. మైక్రోసాఫ్ట్ తన ఎస్.క్యు.ఎల్. సర్వరుకు 2012 వెర్షనుతో కోర్ల లెక్కకు మారింది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సర్వరులో రెండు ప్రాసెసర్లు, ఒక్కొక్క దానిలో ఎనిమిది కోర్లు ఉన్నాయనుకోండి. మొత్తం 16 కోర్లు. ఒరాకిల్ పట్టికలో సాధారణ ఇంటెల్ ప్రాసెసర్లకు కోరుకు అర చొప్పున లెక్క కనుక 8 లైసెన్సులు కావాలి. 2008లో సవరించిన ధరల పట్టికలో ఎంటర్‌ప్రైజ్ ఎడిషనుకు ఒక్కొక్క ప్రాసెసరు లైసెన్సు ధర 47,500 డాలర్లు. ఎనిమిదింటికి 3,80,000 డాలర్లు. దాని మీద సంవత్సరానికి 22 శాతం మద్దతు రుసుము, అనగా 83,600 డాలర్లు. అయిదేళ్లకు ఈ రుసుమే 4,18,000 డాలర్లు అవుతుంది. మూల ధర కన్నా ఎక్కువ! పట్టిక ధర మీద బేరం ఉంటుంది, నిజమే. కాని బేరం ముగిసిన తరువాత కూడా శాతం శాతమే. ఎ.ఎం.సి. ఫైళ్లు చూసినవారికి ఇది కొత్త కాదు, అయితే ఇంత శాతం ఎ.ఎం.సి. ఏ టైపు మిషనుకూ కట్టి ఉండరు.

పేర్ల లెక్కన కడదామంటే అక్కడ కనీస సంఖ్య ఉన్నది. ఎంటర్‌ప్రైజ్ ఎడిషనులో ఒక్కొక్క ప్రాసెసరు లైసెన్సుకు కనీసం 25 పేర్లు. పై యంత్రానికి 200 పేర్లు. ఆఫీసులో ముప్ఫైమందే ఉన్నా 200 మందికి కట్టాల్సిందే.

ఒకే బండి, మూడు తరగతులు

ఇప్పుడు ఎడిషన్ల సంగతి. ఎంటర్‌ప్రైజ్, స్టాండర్డ్, ఎక్స్‌ప్రెస్, డెవలపర్ అని పేర్లుంటాయి. ఇవి వేరువేరు సరుకులని చాలామంది అనుకుంటారు. చాలావరకు లోపలి యంత్రాంగం ఒకటే. ఒకే రైలు, ఒకే ఇంజను, ఒకే సమయానికి చేరుతుంది. స్లీపరు, థర్డ్ ఎ.సి., ఫస్ట్ ఎ.సి. తేడా మాత్రమే.

ఈ రైలు పోలిక నాది కాదు. 19వ శతాబ్దంలోనే జూల్ డ్యుప్యుయి అనే ఫ్రెంచి ఇంజనీరు, ఆర్థికవేత్త దీనిని వివరించాడు. ఆనాటి మూడవ తరగతి పెట్టెలకు పైకప్పు ఉండేది కాదు. కప్పు వేయడానికి ఖర్చు ఎక్కువై మానేయలేదని, రెండవ తరగతి టికెట్టు కొనగలిగినవాడు మూడవ తరగతిలో ఎక్కకుండా ఉండడానికే అలా చేశారని ఆయన చెప్పాడు. పేదవాడిని బాధపెట్టాలన్నది ఉద్దేశం కాదు, ఉన్నవాడిని భయపెట్టడం దాని ఉద్దేశం. డేటాబేస్ ఎడిషన్లలోని సూత్రం ఇదే.

దీనికి నిదర్శనం 2016లో కనపడింది. అంతవరకు ఎంటర్‌ప్రైజ్ ఎడిషనులోనే ఉన్న అనేక సౌకర్యాలను మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం నవంబరులో ఒక సర్వీస్ ప్యాక్ ద్వారా స్టాండర్డ్ ఎడిషనుకు, ఎక్స్‌ప్రెస్‌కు కూడా ఇచ్చింది. ఆ చిన్న ఎడిషన్లకు ఆ పని చేసే శక్తి లేక అంతకాలం ఇవ్వలేదని ఎవరూ అనలేరు. 2012 వెర్షనులో ఎంటర్‌ప్రైజ్ ధర కోరుకు 6,874 డాలర్లు, స్టాండర్డ్ ధర 1,793 డాలర్లు. దాదాపు నాలుగు రెట్ల తేడా.

ఎక్స్‌ప్రెస్ ఎడిషను ఉచితం. పరిమాణానికి మాత్రం కట్టడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2005లో ఇచ్చినప్పుడు ఒక్కొక్క డేటాబేస్ 4 జి.బి. దాటకూడదు, 2010లో దానిని 10 జి.బి.కి పెంచింది. ఒరాకిల్ కూడా 2006 ప్రాంతంలో 4 జి.బి. హద్దుతో తన ఎక్స్‌ప్రెస్ ఎడిషను ఇచ్చింది. ఉచిత డేటాబేస్‌లు బజారులోకి వచ్చి పడుచువాళ్లంతా వాటిని నేర్చుకుంటూ ఉంటే పెద్ద కంపెనీలు చూస్తూ ఊరుకోలేవు గదా. డెవలపర్ ఎడిషనులో అన్ని సౌకర్యాలూ ఉంటాయి, కాని ప్రోగ్రాము తయారీకి, పరీక్షకు మాత్రమే వాడాలి. దానితో అసలు పని నడిపితే ఉల్లంఘన.

మరొక చిక్కు ఐచ్ఛిక సౌకర్యాలది. ఒరాకిల్‌లో కొన్ని సౌకర్యాలకు విడిగా లైసెన్సు కావాలి. అయినా అవి సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చి కూర్చుంటాయి, చాలావాటికి తాళం ఉండదు. తెలియక ఒకసారి వాడితే ఆ సంగతి లోపలి పట్టికలో నమోదవుతుంది. తరువాత ఆడిట్‌కు వచ్చినవారు ముందు చూసేది ఆ పట్టికనే. హోటలు గదిలో ఫ్రిజ్ తెరిచి ఉంచి, సీసా తీస్తే బిల్లులో వేసే పద్ధతి.

రెండు ఆడిట్ కథలు

మన పాఠకులలో ఆడిట్ పేరాలకు సమాధానాలు రాసి జుట్టు నెరసినవారు అనేకులు ఉన్నారు. వారికి నచ్చే కథలు రెండున్నాయి.

2001 మే నెలాఖరున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం ఒరాకిల్ లైసెన్సుల కోసం టెండరు పోటీ లేకుండా సుమారు 9.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. ఆరేళ్ల కాలానికి దాదాపు 2,70,000 మంది వాడుకునేందుకు అనుమతి. అంత సంఖ్యలో రాష్ట్ర ఉద్యోగులే లేరు. అందరికీ కలిపి తీసుకుంటే ఎంతో ఆదా అని లెక్కలు చూపించారు. ఆ లెక్కలు ఇచ్చినది మధ్యలో ఉండి అమ్మిన కంపెనీయే. శాఖలకు నిజంగా ఎన్ని కావాలో సరిగా విచారించలేదు. 2002 ఏప్రిల్‌లో స్టేట్ ఆడిటరు నివేదిక వచ్చింది. ఆదా మాట దేవుడెరుగు, ఈ ఒప్పందం వల్ల 4.1 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చయ్యే అవకాశం ఉన్నదని అందులో తేల్చారు. పది నెలలు కావస్తున్నా ఏ శాఖా కొత్త లైసెన్సు తీసుకోలేదని కూడా తేలింది. ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే గవర్నరు ఎన్నికల నిధికి ఒరాకిల్ నుండి 25,000 డాలర్ల చెక్కు అందిన సంగతి బయటపడి గందరగోళమైంది. కొందరు అధికారుల పదవులు పోయాయి. చివరకు ఆ సంవత్సరమే ఒప్పందం రద్దు చేశారు. అవసరం అంచనా వేయకుండా ఇండెంటు పెట్టరాదన్న మన పాత నియమం ఎంత గట్టిదో ఇక్కడ తెలుస్తుంది.

రెండవది చాక్లెట్లు తయారు చేసే మార్స్ కంపెనీ కథ. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేరు ద్వారా అనేక యంత్రాలుగా విభజించుకుని వాడడం 2000ల తరువాత పెరిగింది. ఒక గదిలో అద్దెకున్నవాడు ఒక గదికే అద్దె ఇస్తాననడం సహజం. ఆ గది నుండి భవనంలో ఎక్కడికైనా మారే వీలున్నది గనుక భవనమంతటికీ ఇవ్వాలని ఒరాకిల్ వాదన. 2015 అక్టోబరులో మార్స్ కంపెనీ కాలిఫోర్నియాలో కోర్టుకెక్కింది. లైసెన్సు తనిఖీ కోసం తాము 2,33,089 పేజీల కాగితాలు అందజేశామని చెప్పుకున్నది. తీర్పు దాకా రాకుండానే డిసెంబరులో దావా ఉపసంహరించుకున్నారు. కనుక భవనానికా, గదికా అన్న ప్రశ్నకు ఆ కోర్టు నుండి జవాబు రాలేదు.

స్వేచ్ఛగా ఇచ్చినవారు

అందరూ ఇదే బాట పట్టలేదు. బర్కిలీలో ఇంగ్రెస్ తయారు చేసిన స్టోన్‌బ్రేకర్ 1986లో పోస్ట్‌గ్రెస్ అనే కొత్త పనికి పూనుకున్నాడు. 1990ల మధ్యలో ఆండ్రూ యు, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్.క్యు.ఎల్. భాష జోడించారు. 1996లో దానికి పోస్ట్‌గ్రెస్‌క్యు.ఎల్. అని పేరు వచ్చింది. ఎవరైనా ఎన్ని యంత్రాల మీదనైనా వాడవచ్చును, మార్చుకోవచ్చును, అమ్ముకోవచ్చును. తలల లెక్క లేదు, కోర్ల లెక్క లేదు. ఎడిషన్లు అసలే లేవు.

1995లో స్వీడన్ కేంద్రంగా మైఖేల్ విడేనియస్ మిత్రులతో కలిసి మై ఎస్.క్యు.ఎల్. తెచ్చాడు. మై అన్నది ఆయన పెద్ద కూతురి పేరు. 2000 నుండి దీనిని రెండు లైసెన్సుల కింద ఇచ్చారు. మీరు చేసిన మార్పులను కలిపి పంచేటప్పుడు మూలాన్ని కూడా అందరికీ ఇస్తామంటే ఉచితం. మూలం దాచుకుంటామంటే డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవాలి. 2008లో సన్ కంపెనీ దీనిని సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. 2010 జనవరిలో ఆ సన్ కంపెనీనే ఒరాకిల్ కొన్నది. పిచ్చుక గూడు డేగ చేతికి వెళ్లిందని అనేకులు ఆందోళన చెందారు. ఐరోపా కమిషను కూడా విచారణ జరిపి గాని అనుమతించలేదు. విడేనియస్ ముందే జాగ్రత్తపడి, 2009లో అదే మూలంతో మరియా డి.బి. మొదలుపెట్టాడు. మరియా ఆయన చిన్న కూతురు. లైసెన్సు అనుమతించింది కనుకనే ఆయన తన పాత ప్రోగ్రామును మళ్లీ చేపట్టగలిగాడు. అమ్మేసిన ఇంటి ప్లానుతోనే పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నట్లు.

మన జేబులో ఉన్నది మూడవది. 2000లో రిచర్డ్ హిప్ అనే అమెరికన్ ఎస్.క్యు.లైట్ అనే చిన్న డేటాబేస్ రాసి, హక్కులేవీ ఉంచుకోకుండా ప్రజాపరం చేశాడు. ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ఐఫోనులోనూ అది ఉన్నది. ఊరి చెరువు వంటిది, ఎవరినీ అడగనక్కరలేదు.

ఉచితమన్న బోర్డు శాశ్వతమని మాత్రం అనుకోకూడదు. తమ డేటాబేస్‌ను పెద్ద క్లౌడు కంపెనీలు అద్దెకిచ్చి సొమ్ము చేసుకుంటున్నాయని, మాంగో డి.బి. 2018లో లైసెన్సు నియమాలు బిగించింది. రెడిస్ 2024లో అదే పని చేయగా, వెంటనే దాని పాత మూలంతో వాల్కీ అనే శాఖ పుట్టుకొచ్చింది. ఒక్క కంపెనీ చేతిలో ఉన్నది ఒక్క తీర్మానంతో మారిపోగలదు. ఉచితమైనా నడిపే మనిషికి జీతం ఇవ్వవలసిందే, నకళ్లు తీసే శ్రద్ధ ఉండవలసిందే. ఒక డేటాబేస్ నుండి మరొక దానికి మారడం కూడా తేలిక కాదు. అంతటి అమెజాన్ కంపెనీ తన సుమారు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌లను వదిలించుకోవడం ముగిసిందని 2019లో ప్రకటించింది. అందుకు ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది.

మన ఆఫీసుల అనుభవం

మన ఆఫీసులకు కంప్యూటరు వచ్చిన తొలి రోజుల్లో డిబేస్, ఆ తరువాత ఫాక్స్‌ప్రో బాగా వాడుకలో ఉండేవి. జీతాల బిల్లులు, జి.పి.ఎఫ్. స్లిప్పులు అందులో తీసినవారు మన సభ్యులలోనే ఉన్నారు. ఫాక్స్‌ప్రోను 1992లో మైక్రోసాఫ్ట్ కొన్నది. 2007లో ఇక కొత్త వెర్షను ఉండదని ప్రకటించింది. 2015 జనవరితో మద్దతు కూడా ముగిసింది. ప్రోగ్రాము కనుమరుగైనా ఆ ఫైళ్లలోని రికార్డు పోలేదు. కారణం, ఆ ఫైలు అమరిక ఎలా ఉంటుందో లోకానికి తెలుసు. నేటికీ ఇతర ప్రోగ్రాములతో వాటిని తెరవవచ్చును. ఆ అమరిక రహస్యంగా ఉండి ఉంటే ఎందరి సర్వీసు వివరాలు చెరలో చిక్కి ఉండేవో ఊహించుకోండి.

1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం వచ్చాక, రోజుల తరబడి తిరిగితే గాని దొరకని ఇ.సి. నిమిషాల్లో చేతికి రావడం మనమంతా చూశాము. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్‌తో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఎండలో నిలబడే బాధ చాలామందికి తప్పింది. డేటాబేస్‌ల వల్ల కలిగిన మేలు ఇది, దానిని తక్కువ చేయనక్కరలేదు. భారత ప్రభుత్వం కూడా 2010లో ఈ-పరిపాలనకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015లో బహిరంగ మూల సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. ప్రజల రికార్డు ఏ ఒక్క అమ్మకందారు తాళంలోనూ ఉండిపోకూడదన్నది వాటి సారాంశం.

మన సంఘానికి మనవి

ఇంత చరిత్ర చదివిన తరువాత మన రిజిస్టరు విషయంలో ఏమి చేయాలి? ఎవరు సాఫ్ట్‌వేరు తెచ్చినా, అది ఏ పెద్ద కంపెనీదైనా, పక్కింటి కుర్రవాడు రాసినదైనా, సంతకం పెట్టే ముందు ఈ అయిదు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలని నా మనవి.

1. ఇది కొనుగోలా, సంవత్సర చందాయా? చందా కట్టడం మానితే రిజిస్టరు తెరుచుకుంటుందా?
2. లెక్క దేనికి – మనుషులకా, యంత్రాలకా? కనీస సంఖ్య ఏమైనా ఉన్నదా?
3. మొదటి సంవత్సరం ఖర్చు సరే, అయిదేళ్లకు మొత్తం ఎంత?
4. ఏ ఎడిషను? దాని హద్దు దాటితే తరువాతి మెట్టు ధర ఎంత?
5. మన సమాచారమంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు, వేరే ఏ ప్రోగ్రాముతోనైనా చదవగలిగే రూపంలో మన చేతికి ఇస్తారా?

ఈ అయిదింటిలో చివరిది అతి ముఖ్యం. తక్కిన నాలుగూ డబ్బుకు సంబంధించినవి. డబ్బు పోతే మళ్లీ చందా వేసుకోవచ్చును. ఒక సభ్యుని భార్య పేరు, పెళ్లి తేదీ, నామినేషను నకలు పోతే ఆమె ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి? కొన్ని వందల పేర్లున్న మన రిజిస్టరుకు ఎంటర్‌ప్రైజ్ ఎడిషను అక్కరలేదు. ఉచితంగా దొరికే డేటాబేస్ ఒకటి, శ్రద్ధగా నమోదు చేసే ఇద్దరు సభ్యులు, మూడు నెలలకొకసారి కాగితం మీద తీసి సంతకాలు చేసి బీరువాలో పెట్టే నకలు ఉంటే చాలు. పాత రిజిస్టరును మాత్రం పారవేయరాదు. దుకాణాలు నడుపుకుంటున్న మన పిల్లలు కూడా బిల్లింగు సాఫ్ట్‌వేరు తీసుకునేటప్పుడు ఇవే ప్రశ్నలు అడిగితే వారికీ మేలు.

ఈ విషయాన్ని రాబోయే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చి చర్చించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఈ పనిలో అనుభవమున్న సభ్యులు, వారి పిల్లలు ముందుకు వచ్చి సలహాలు ఇస్తే కృతజ్ఞులమై ఉంటాము.